రిపోర్టులో కనబడకపోతే రోగం పోయినట్టేనా?



పోయిన నెలలో కోస్తా జిల్లా నుండి ఒక యువ పాస్టరుగారు మన పత్రికకు ఒక సాక్ష్యం పంపారు. వారి సంఘంలోని ఒక సహోదరి ఎనిమిదేళ్ళుగా హెచ్‌ఐవీతో ఉన్నదట. మూడు దినాల ఉపవాస ప్రార్థన తరువాత పరీక్ష చేయిస్తే వైరస్ కనబడలేదట. రుజువుగా రిపోర్టు ఫోటో జతచేసి, వచ్చే సంచికలోనే వేయమని కోరారు.

ఫోటోను పెద్దది చేసి చూశాను. 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అని స్పష్టంగా ఉంది. పైన ఆ సహోదరి పూర్తి పేరూ, ఏఆర్‌టీ సెంటరు నంబరూ కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. వెంటనే ఫోన్ చేశాను.

"పాస్టరుగారూ, ఆమె మాత్రలు వాడుతున్నదా?"

"ఇన్నాళ్ళూ వాడిందండీ అయ్యగారూ. రిపోర్టు వచ్చాక మానేసింది. దేవుడు బాగుచేశాక మళ్ళీ మాత్రలు మింగితే అవిశ్వాసం కదండీ?"

మానేసి అప్పటికి మూడు వారాలు.

ఆ మాట విన్నప్పుడు నాకు ఆయన మీద కోపం రాలేదు, భయం వేసింది. ఎందుకంటే పదిహేనేళ్ళ క్రితం ఇలాంటి సాక్ష్యాన్నే నేను ఒక్క ప్రశ్న అడగకుండా అచ్చు వేశాను. దాన్ని చదివి ఎంతమంది మాత్రలు పక్కన పెట్టారో నాకు తెలియదు. అందుకే ఈ వారం సంపాదకీయాన్ని ఆ కాగితం మీది మూడు మాటలకే కేటాయిస్తున్నాను.

ముందు పరీక్షల సంగతి. మన ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీకి ప్రధానంగా రెండు రకాల పరీక్షలు చేస్తారు. మొదటిసారి వేలికొన నుండో, చేతి నరం నుండో రక్తం తీసి చేసేది యాంటీబాడీ పరీక్ష. అది వైరస్‌ను వెదకదు. వైరస్‌ను ఎదిరించడానికి మన శరీరం తయారుచేసుకున్న పదార్థాన్ని వెదుకుతుంది. ఒకసారి సోకిన పెద్దవారిలో, ఎన్నేళ్ళు మందులు వాడినా, అది సాధారణంగా పాజిటివ్‌గానే వస్తుంది. రెండవది వైరల్ లోడ్. మందులు వాడుతున్నవారికే దీన్ని చేస్తారు. ఒక మిల్లీలీటరు రక్తంలో వైరస్ ప్రతులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది. ఏ త్రాసుకైనా కనిష్ఠ హద్దు ఒకటి ఉంటుంది గదా, బంగారం తూచేవాడి త్రాసులో ఆవగింజ తూగవచ్చు, కట్టెల అడితిలో తూగదు. వైరల్ లోడ్ యంత్రానికి ఆ హద్దు సాధారణంగా 20 నుండి 50 ప్రతుల మధ్య ఉంటుంది. రక్తంలో అంతకంటే తక్కువ ఉంటే పట్టుకోలేదు. మన సహోదరి రిపోర్టు ఈ రెండవ రకానిది. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకునే లక్షలాదిమందికి ఏటా వచ్చే రిపోర్టు అదే. ఆ మాత్రలు మన దేశంలో 2004 ఏప్రిల్ నుండి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తున్నది.

మరి రక్తంలో లేనిది ఎక్కడుంది?

ఈ ప్రశ్నకు జవాబు 1997లో వచ్చింది. అంతకు ముందు సంవత్సరమే మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్స అందుబాటులోకి వచ్చి, మంచాన పడినవారు లేచి నడుస్తున్న రోజులవి. కొన్నేళ్ళు ఇలాగే మందులిస్తే వైరస్ పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుందని పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఆశపడ్డారు. అప్పుడు అమెరికాలో మూడు బృందాలు, వేర్వేరుగా పనిచేస్తూ, ఒకే సంగతి కనిపెట్టాయి. రక్తంలో వైరస్ కనబడని రోగుల నుండి నిద్రాణంగా ఉన్న సీడీ4 కణాలను తీసి, ప్రయోగశాలలో వాటిని తట్టిలేపితే, వాటిలోంచి వైరస్ బయటికి వచ్చింది.

హెచ్‌ఐవీ చేసే పని అలాంటిది. అది కణంలో దూరి ఊరుకోదు, ఆ కణపు జన్యుపత్రంలోనే తన పాఠాన్ని కూడా చేర్చి రాసేస్తుంది. సీడీ4 కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలు. చిన్నప్పుడు వచ్చిన తట్టును ముసలితనం దాకా గుర్తుపెట్టుకుని, మళ్ళీ రాకుండా కాపాడేవి ఇలాంటివే. దీర్ఘాయుష్షు వాటి స్వభావం. వైరస్ పాఠం చేరిన జ్ఞాపక కణం నిద్రలో ఉన్నంతకాలం వైరస్‌ను తయారుచేయదు. తయారు చేయడం లేదు కాబట్టి మందుకు అక్కడ పని లేదు. మందు ఆపేది కొత్త వైరస్ తయారీని, కొత్త కణాలకు వ్యాపించడాన్ని. నిద్రపోతున్నదాన్ని అది చంపదు. ఈ నిద్రాణ కణాలు ఎంత నెమ్మదిగా తరుగుతాయో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ సిలిసియానో బృందం లెక్కకట్టింది. సగానికి సగం తగ్గడానికి సుమారు 44 నెలలు. ఆ లెక్కన పూర్తిగా పోవాలంటే 60 ఏళ్ళకు పైగా మందులు వాడాలి.

మాత్రలు ఆపితే, చాలామందిలో కొద్ది వారాల్లోనే, నిద్రలో ఉన్న కణాల్లో ఏదో ఒకటి లేస్తుంది. మొదట ఒళ్ళు బాగానే ఉంటుంది, ఆకలి వేస్తుంది, పనికి వెళ్తారు. అందుకే మోసపోతారు. ఈలోగా వైరల్ లోడ్ వేలకు, లక్షలకు పెరుగుతుంది.

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో 2010లో పుట్టిన ఒక పాప సంగతి అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకున్నారు. తల్లికి హెచ్‌ఐవీ ఉంది, గర్భంలో ఉండగా మందులు పడలేదు. పుట్టిన 30 గంటలకే పాపకు చికిత్స మొదలుపెట్టారు. ఏడాదిన్నర తరువాత ఆసుపత్రికి రావడం మానేశారు, మందులు ఆగిపోయాయి. కొన్ని నెలలకు తిరిగి వచ్చినప్పుడు పరీక్షిస్తే వైరస్ కనబడలేదు. మరింత సున్నితమైన యంత్రాలతో చూసినా పెరిగే వైరస్ దొరకలేదు. 2013లో వైద్యుల సభలో దీన్ని స్వస్థతగానే ప్రకటించారు. 2014లో, మందులు లేకుండా 27 నెలలు గడిచాక, వైరస్ తిరిగి వచ్చింది. చూడండి, అక్కడ తొందరపడినవారు పాస్టర్లు కారు, నిపుణులు. కానీ వారు పాపను పరీక్షిస్తూనే ఉన్నారు, తిరిగి రాగానే పట్టుకున్నారు, మందులు మొదలుపెట్టారు, తమ ప్రకటన పొరపాటని బహిరంగంగా చెప్పారు.

"మధ్య మధ్య కొంతకాలం ఆపితే ఏమవుతుంది?" అనేదాన్ని కూడా పరీక్షించి చూశారు. స్మార్ట్ అనే అధ్యయనంలో 33 దేశాల నుండి 5,472 మందిని తీసుకుని, సగం మందికి మందులు నిరంతరం ఇచ్చారు. మిగతా సగం మందికి సీడీ4 సంఖ్య బాగున్నప్పుడు ఆపి, తగ్గినప్పుడు మళ్ళీ ఇచ్చారు. ఆపిన వారిలో జబ్బులూ మరణాలూ కలిపి రెండున్నర రెట్లు ఎక్కువ కనబడటంతో 2006లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేయవలసి వచ్చింది. డాక్టర్ల పర్యవేక్షణలో, లెక్క ప్రకారం ఆపితేనే ఇంత.

నిజంగా వైరస్ పూర్తిగా పోయినవారు లేరా? ఉన్నారు, వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది. మొదటివాడు తిమోతి రే బ్రౌన్. రక్త క్యాన్సర్ వచ్చినందున 2007లో బెర్లిన్‌లో అతనికి మూలుగ మార్పిడి చేశారు. దాత కణాలకు హెచ్‌ఐవీ దూరే ద్వారం పుట్టుకతోనే లేదు. అది ప్రాణాపాయంతో కూడిన చికిత్స, క్యాన్సర్ లేనివారికి చేయదగినది కాదు. అతని విషయంలో కూడా డాక్టర్లు ఏళ్ళ తరబడి రక్తం, పేగు, మెదడు ద్రవం పరీక్షించిన తరువాతే పోయిందని అన్నారు.

ఇంతా చెప్పి సహోదరి రిపోర్టును చిన్నబుచ్చుతున్నాననుకోకండి. అది చాలా గొప్ప రిపోర్టు. ఎంత గొప్పదో మన సంఘాలకు ఇంకా తెలియదు. తొమ్మిది దేశాల్లో 1,763 జంటలతో జరిగిన ఒక అధ్యయనం ఉంది, మన చెన్నై, పూణేలు కూడా అందులో ఉన్నాయి. ఆ జంటల్లో ఒకరికి హెచ్‌ఐవీ ఉంది, ఒకరికి లేదు. ముందుగానే మందులు మొదలుపెట్టిన వారి నుండి భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గిందని 2011లో ప్రకటించారు. తరువాత జరిగిన అధ్యయనాలు దాన్ని ఇంకా గట్టిపరిచాయి. మాత్రలు వాడుతూ వైరల్ లోడ్ కనబడని స్థితిలో నిలకడగా ఉన్న వ్యక్తి నుండి సంసార సంబంధం ద్వారా హెచ్‌ఐవీ సోకదు. భార్యాభర్తలు భయం లేకుండా కాపురం చేసుకోవచ్చు, డాక్టరు సలహాతో బిడ్డల్ని కనవచ్చు. ఇక కరచాలనం వల్ల, ప్రభువు బల్ల దగ్గర ఒకే పాత్ర వల్ల సోకుతుందన్న మాట ఏ రోజూ నిజం కాదు.

హెచ్‌ఐవీ కంటే మనకు, అంటే బైబిలు చదివేవారికి, బాగా పరిచయమైన జబ్బు ఇంకొకటి ఉంది. దాని విషయంలో మన కళ్ళు సరిగ్గా దీనికి ఎదురుగా పొరబడతాయి.

నేను మొదట సేవచేసిన సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. కుష్ఠు వల్ల వేళ్ళు కొంకర్లు తిరిగిపోయాయి. ఆయనకు మందుల కోర్సు 1980ల చివర్లోనే పూర్తయింది. ఒంట్లో క్రిమి లేదని ఆసుపత్రివారు కాగితం ఇచ్చారు, దాన్ని మడిచి బైబిల్లో పెట్టుకునేవారు. అయినా వెనక బెంచీలో చివర కూర్చునేవారు, బల్ల దగ్గరికి అందరూ అయ్యాక వచ్చేవారు. ఎవరూ అలా చేయమని చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

నార్వే దేశంలోని బెర్గెన్ పట్టణంలో 1873లో హాన్సెన్ అనే వైద్యుడు కుష్ఠు క్రిమిని చూశాడు. కుష్ఠు వంశపారంపర్యమనీ, శాపమనీ నమ్మేకాలంలో అది క్రిమి వల్ల వస్తుందని ఆయన చెప్పాడు. విచిత్రమేమిటంటే, నూటయాభై ఏళ్ళు దాటినా ఈ క్రిమిని ప్రయోగశాలలో గాజుపళ్ళెంలో పెంచడం ఇప్పటికీ ఎవరికీ సాధ్యపడలేదు. అది రెండుగా చీలడానికే సుమారు రెండు వారాలు తీసుకుంటుంది. మామూలు పేగు బాక్టీరియాకు అనువైన చోట 20 నిమిషాలు చాలు. చల్లదనం దానికి ఇష్టం, అందుకే చెవి తమ్మెలు, ముక్కు, చేతులు, కాళ్ళు, చర్మానికి దగ్గరగా ఉండే నరాలు దాని నివాసం. 1960లో షెపర్డ్ అనే శాస్త్రవేత్త ఎలుక అరికాలిలో దాన్ని పెంచగలిగాడు, ఎలుక శరీరంలో చల్లగా ఉండే చోటు అదే. సోకాక మచ్చ కనబడటానికి సగటున ఐదేళ్ళు, ఒక్కొక్కసారి ఇరవై ఏళ్ళు కూడా పడుతుంది. అయితే చాలామందికి పుట్టుకతోనే దాన్ని తట్టుకునే శక్తి ఉంది, క్రిమి చేరినా జబ్బు రాదు.

ఇంత మొండి క్రిమికి మందు ఉంది. డాప్సోన్ ఒక్కటే ఇస్తున్న కాలంలో క్రిమి దానికి అలవాటుపడిపోయింది. అందుకని మూడు మందులు కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 1981లో సూచించారు. అదే ఎండీటీ. తక్కువ మచ్చలుంటే 6 నెలలు, ఎక్కువ ఉంటే 12 నెలలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. అందులోని రిఫాంపిసిన్ మొదటి మోతాదుకే అత్యధిక భాగం క్రిములు చస్తాయి, కనుక చికిత్స మొదలైన కొద్దిరోజులకే ఆ వ్యక్తి నుండి ఇతరులకు సోకే ప్రమాదం పోతుంది. మూడవ మందు క్లోఫాజిమిన్ గురించి ఒక మాట చెప్పాలి. అది వాడేటప్పుడు చర్మం, ముఖ్యంగా మచ్చలున్న చోట, నల్లబడుతుంది. ఇంట్లోవారు చూసి జబ్బు ముదిరిందంటారు, చాలామంది అక్కడే మందు ఆపేస్తారు. కోర్సు అయిపోయాక ఆ నలుపు నెమ్మదిగా పోతుంది.

మరి కొంకర్లు తిరిగిన వేళ్ళు? మొద్దుబారిన పాదం? క్రిమి చచ్చినా, అది పాడుచేసిన నరం తిరిగి రాదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ ఈ సంగతిని ఓపికగా పరిశీలించారు. వేళ్ళు కుళ్ళి రాలిపోతాయని అప్పటిదాకా వైద్యులు కూడా అనుకునేవారు. అలా కాదని ఆయన చూపించారు. నొప్పి తెలియదు గనుక వేడి గిన్నె పట్టుకుంటారు, మేకు గుచ్చుకున్నా నడుస్తారు, రాత్రి నిద్రలో ఎలుక కొరికినా లేవరు. గాయం మీద గాయమై వేలు పొట్టిదవుతుంది. బాగున్న కండర బంధనాన్ని మార్చి కుట్టి, కొంకర్లు తిరిగిన చేతిని మళ్ళీ పనికి వచ్చేటట్టు చేసే శస్త్రచికిత్సలు ఆయన అక్కడే చేశారు. మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పుల వెనక ఉన్నది కూడా ఈ అవగాహనే. అంటే మా సంఘ పెద్దాయన చేతుల్లో నేను చూసింది రోగం కాదు, పాత గాయాల గుర్తులు.

మన తెలుగు నేలమీద డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త రెవరెండ్ జార్జ్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి ప్రారంభించినప్పుడు ఈ మందులేవీ లేవు. నర్సాగౌడ్ గారు డబ్బిచ్చారు, ఆసుపత్రి లేచింది. చాల్‌ముగ్ర జాతి నూనెను సూదిమందుగా పొడిచేవారు. అంత తక్కువ సాధనంతో వారు రోగులను ముట్టుకున్నారు. ఇన్ని సాధనాలున్న మనం ఇంకా బెంచీ మారుస్తున్నాం.

ఇక్కడ లేవీయకాండము 13వ అధ్యాయం గుర్తుచేసుకోక తప్పదు. ఏళ్ళ తరబడి నేను నయమాను మీద ప్రసంగించినప్పుడల్లా కుష్ఠును పాపానికి గుర్తుగా చెప్పాను. సెమినరీలో మా హీబ్రూ అధ్యాపకుడు చెప్పింది తెలిసి కూడా. అక్కడి హీబ్రూ మాట 'త్సారాయత్'. అది మనుష్యుల చర్మానికే కాదు, బట్టకూ, ఇంటి గోడకూ పట్టుకుంటుంది. హాన్సెన్ క్రిమి గోడకు పట్టదు. ఒళ్ళంతా తెల్లబడినవాణ్ణి పవిత్రుడనే ప్రకటించాలని కూడా ఆ అధ్యాయంలో ఉంది. కుష్ఠుకు అసలైన ఆనవాలు స్పర్శ పోవడం, దాని ప్రస్తావన ఆ రెండు అధ్యాయాల్లో ఎక్కడా లేదు. ఆ మాటను గ్రీకులో 'లెప్రా' అన్నారు, పొలుసులు లేచే చర్మమని దాని అర్థం. తరువాతి కాలంలో అదే పేరు ఈ రోగానికి అంటుకుంది, మన తెలుగు బైబిల్లో కుష్ఠు అయింది. నా ప్రసంగాలు వింటూ ఆ పెద్దాయన వెనక బెంచీలో ఏమనుకున్నారో నేను అడగలేదు. ఆయన ఇప్పుడు లేరు.

చట్టం కూడా మనకంటే పెద్ద తొందరగా ఏమీ కదలలేదు. క్రైస్తవుల విడాకులకు వర్తించే చట్టంలో 'నయంకాని కుష్ఠు' ఒక కారణంగా ఉండేది. ఎండీటీ వచ్చి ఇరవై ఏళ్ళయ్యాక, 2001లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు దాన్ని అందులో చేర్చారు. 2019లో తీసేశారు.

ఈ రెండు జబ్బులూ ఒకే ఒంట్లో కలిస్తే ఏమవుతుంది? హెచ్‌ఐవీ వల్ల క్షయ పెరిగినట్టే కుష్ఠు కూడా విజృంభిస్తుందని 1980లలో పరిశోధకులు భయపడ్డారు. అలా జరగలేదు. దానికి బదులు ఎవరూ ఊహించనిది ఒకటి కనబడింది. హెచ్‌ఐవీకి మాత్రలు మొదలుపెట్టి కొన్ని నెలలై, సీడీ4 పెరిగి, మనిషి కోలుకుంటున్నప్పుడు ఒంటిమీద ఎర్రటి కుష్ఠు మచ్చలు లేచాయి. ఇలాంటి మొదటి కేసు గురించి 2003లో రాశారు. చూసినవారికి మాత్రల వల్లే కుష్ఠు వచ్చినట్టు ఉంటుంది. నిజానికి క్రిమి ముందునుండే అక్కడుంది. బలహీనంగా ఉన్నప్పుడు శరీరం దాన్ని పట్టించుకోలేదు, బలం వచ్చాక దానిమీద యుద్ధం మొదలుపెట్టింది, ఆ యుద్ధమే మచ్చగా కనబడింది. అలాంటప్పుడు మాత్రలు ఆపరు, కుష్ఠు మందు కూడా కలిపి ఇస్తారు.

దేశంలో కుష్ఠు 'నిర్మూలన' అయిందని 2005 చివరిలో ప్రకటించాక చాలామంది అది పోయిందనుకున్నారు. దాని అర్థం పదివేలమందికి ఒకరికంటే తక్కువ కేసులు అని మాత్రమే. ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు మన దేశంలో బయటపడుతున్నాయి, ప్రపంచంలో సగానికి పైగా ఇవే. ఇంట్లో ఒకరికి ఉన్నట్టు తేలితే, దగ్గరగా మెలిగేవారికి రిఫాంపిసిన్ ఒక్క మోతాదు ఇస్తే, తరువాతి రెండేళ్ళలో వారికి జబ్బు వచ్చే అవకాశం 57 శాతం తగ్గిందని బంగ్లాదేశ్‌లో 21 వేలకు పైగా మందితో చేసిన అధ్యయనం 2008లో చూపింది. మన ప్రభుత్వ కార్యక్రమంలో కూడా ఆ మోతాదు ఇస్తున్నారు. కానీ ఇవ్వాలంటే మొదటివాడు బయటికి వచ్చి చెప్పాలి. మన వెనక బెంచీని చూసినవాడు ఎందుకు చెబుతాడు? పాలిపోయిన లేక ఎర్రటి మచ్చ, దానిమీద గిల్లినా తెలియకపోవడం, ఇదీ ఆనవాలు. ఆశా కార్యకర్తకు చూపించినా చాలు.

స్వస్థతను గురించి నా విశ్వాసం ఏమిటని కొందరు అడుగుతారు. దేవుడు స్వస్థపరుస్తాడని నమ్ముతాను, ముప్ఫై ఏళ్ళుగా రోగుల మంచాల పక్కన ప్రార్థిస్తున్నాను. అయితే సువార్తల్లో ప్రభువు కుష్ఠురోగులను బాగుచేసినప్పుడు వారిని యాజకుల దగ్గరికి వెళ్ళి చూపించుకోమన్నాడు. పరీక్ష చేసి ప్రకటించే బాధ్యత అప్పుడు యాజకులది. పరీక్షకు పంపడం ఆయనకు అవిశ్వాసంగా తోచలేదు. ఈ రోజు ఆ పరీక్ష చేయగలిగినవారు ఏఆర్‌టీ సెంటరులోని డాక్టరు. మాత్రలు మానమని ఆ డాక్టరు చెప్పేదాకా మానకూడదు, మానమని ఏ పాస్టరూ చెప్పకూడదు. ఇకనుండి మన పత్రికలో ఏ స్వస్థత సాక్ష్యమైనా, మందుల సంగతి అడగకుండా వేయము. ఎవరి రిపోర్టు ఫోటో కూడా వేయము. ఒకరి హెచ్‌ఐవీ స్థితిని వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి చట్టానికి విరుద్ధమన్న భయం ఒక్కటే కాదు, ఆమె ఊళ్ళో బతకాలి.

ఆ పాస్టరుగారితో ఇదంతా ఫోన్లో ఒక గంటసేపు మాట్లాడాను. మొదట నొచ్చుకున్నారు. రెండు రోజుల తరువాత ఆయనే ఫోన్ చేసి, ఆ సహోదరిని వెంటబెట్టుకుని సెంటరుకు వెళ్ళానన్నారు. కౌన్సెలరు కోప్పడలేదట. మాత్రలు మళ్ళీ మొదలయ్యాయి, వైరల్ లోడ్ పరీక్షకు కొన్ని నెలల తరువాత రమ్మన్నారు. ఆ రిపోర్టు వచ్చాక ఆమె అనుమతితో, పేరు లేకుండా, మాత్రల సంగతి కూడా కలిపి సాక్ష్యం రాసి పంపవచ్చా అని అడిగారు.

పంపమన్నాను, వేస్తాము.